పాత మోటార్‌సైకిల్‌కు క్రాష్ గార్డ్: ముందుగా వంగవలసింది ఏది?

20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కు క్రాష్ గార్డ్ బిగించుకోవాలా, నైలాన్ స్లైడర్లు (పడినప్పుడు నేల మీద జారేలా ఇంజిన్ పక్కలకు బిగించే దిమ్మెలు) సరిపోతాయా, అసలు వీటివల్ల ఉపయోగం ఉందా అని అడిగారు. పాత బళ్లను విప్పి బిగించుకోవడం నాకు చిరకాలపు అలవాటు కనుక సూటిగానే చెబుతాను: బిగించుకోండి, కాని మీ కాళ్ల కోసం కాదు, ఇంజిన్ కవర్ల కోసం. 1981లో వెలువడిన హర్ట్ నివేదిక కోసం దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను నిశితంగా పరిశీలించింది. క్రాష్ బార్లు, అంటే ఈ గార్డులే, పాదానికీ చీలమండకూ గాయాలు తగ్గించిన మేరకు మోకాలికీ తొడకూ పెంచాయన్నది వారు తేల్చిన విషయాల్లో ఒకటి. అయినా తళతళలాడే గొట్టాన్ని చూపించి కాలికి రక్షణ అని అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, కొనేవాళ్లూ ఉన్నారు.

పాత బండి ఎక్కువగా పడేది వేగంలో కాదు. సైడ్ స్టాండ్ మెత్తటి నేలలో దిగబడినప్పుడో, ఇరుకు చోట మలుపు తిప్పుతూ కాలు జారినప్పుడో నిలుచున్న చోటే ఒరిగిపోతుంది. ఆ బరువంతా హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్ట్, గేర్ లివర్, క్లచ్ కవర్ల మీద పడుతుంది. వరుసగా నాలుగు సిలిండర్లున్న పాత ఇంజిన్లలో చాలావాటికి క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) చివర ఉండే ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) కవరే ఇంజిన్‌లో అన్నిటికంటె బయటికి ఉంటుంది. అడ్డంగా పడుకున్న సిలిండర్ల బాక్సర్ ఇంజిన్లకైతే సిలిండర్ హెడ్డే మొదట నేలను తాకుతుంది. కొత్త బండికి కవరు పగిలితే మరొకటి తెప్పించుకోవచ్చు. తయారీ ఆగిపోయిన బండికి అదే కవరు కోసం పాత సామాన్ల గుట్టల్లో వెతకాలి, దొరికినదానికి కూడా ఏదో ఒక మూల పగులు ఉంటుంది. పైగా పగిలిన కవరు నుంచి కారే నూనె వెనుక టైరుకు అంటితే రెండోసారి పడడం ఖాయం.

ఇక మీరు అడిగిన స్లైడర్ల గురించి. నా మిత్రుడొకరి రెండు సిలిండర్ల బండికి ఒక మెకానిక్ స్లైడర్లు బిగించాడు. ఇంజిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే ముందు బోల్టును తీసి, ఆ రంధ్రంలోనే పొడవాటి బోల్టు దూర్చి, దాని చివర లావుపాటి నైలాన్ దిమ్మెను అరచేతి వెడల్పున బయటికి నిలబెట్టాడు. వాన పడిన ఒక సాయంత్రం, వాలుగా ఉన్న ఆవరణలో బండిని చేత్తో వెనక్కి నెడుతుండగా అది మెల్లగా అవతలి వైపు ఒరిగింది. నేను పక్కనే ఉన్నా పట్టుకోలేనంత మెల్లగా, ఆపలేనంత బరువుగా. దిమ్మె సరిగ్గా కాలిబాట అంచు మీద ఆనింది, లోపల ఎక్కడో ఎండుకొమ్మ విరిగినట్లు చిన్న శబ్దం వచ్చింది. లేపి చూస్తే కవర్ల మీద గీత కూడా లేదు, దిమ్మె మీద గోటిగాటంత మచ్చ మాత్రమే ఉంది. కాని బోల్టు కూర్చునే క్రాంక్ కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) చెవి మొదలంటా చిట్లి, ఆ సన్నటి గీత వెంట నూనె చెమర్చింది. బిగించినవాడు వచ్చి చూసి, మా స్లైడర్ ఎంత గట్టిదో చూడండి, చెక్కు చెదరలేదు అన్నాడు. ఇంజిన్ మొత్తం దించి, రెండుగా విప్పి, ఆ చెవిని అల్యూమినియం వెల్డింగ్ చేయించవలసి వచ్చింది.

దిమ్మె చెక్కు చెదరకపోవడమే అక్కడ లోపం. దెబ్బ తగిలినప్పుడు ఏదో ఒకటి వంగక తప్పదు, ఆ వంగేది మార్చడానికి వీలైనదై ఉండాలి. బయటికి పొడుచుకువచ్చిన పొడవు రెట్టింపైతే దాని మొదలు దగ్గర పడే వంపు బలం కూడా రెట్టింపవుతుంది కనుక, ఒంటి బోల్టు మీద నిలబడిన పొడవాటి స్లైడర్ పాత పోత లోహానికి గునపంతో సమానం. నునుపైన తారు మీద జారిపోయేటప్పుడు అది బాగానే పనిచేస్తుంది. రాయి అంచుకో గుంట గట్టుకో తగులుకుంటే జారడం మాని లివరుగా మారుతుంది. అందుకే పాత బండికి నేను గొట్టపు గార్డునే ఎంచుకుంటాను: ఒక్కో వైపు కనీసం రెండు చోట్ల పట్టు ఉండాలి, కుడి ఎడమ భాగాలను ఇంజిన్ కింద ఒక అడ్డుకడ్డీ కలపాలి, గొట్టం ఛాసిస్ కంటె ముందు వంగేంత మెత్తగా ఉండాలి.

బోల్టుల విషయంలో జరిగే అశ్రద్ధకు అంతే లేదు. బోల్టు తల మీద 8.8 అని ఉంటే దాని తన్యబలం (తెగకుండా లాగుడును తట్టుకునే బలం) 800 మెగాపాస్కల్, 10.9 అని ఉంటే 1000. మెరుస్తుందని వేసే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టుది 700 మాత్రమే. స్టెయిన్‌లెస్ బోల్టు తడి తగిలే చోట అల్యూమినియంను తినేస్తుంది కూడా. ఇంజిన్ మౌంటు బోల్టు స్థానంలో అలంకారపు బోల్టు పెట్టకండి. మరో చిక్కు పొడవుది. 6 మిల్లీమీటర్ల గార్డు పట్టీని మధ్యలో చేర్చి పాత బోల్టునే బిగిస్తే మరల్లోకి దిగేది 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అల్యూమినియంలో 10 మిల్లీమీటర్ల బోల్టు కనీసం 15 మిల్లీమీటర్లు దిగాలి. అలాగని మరీ పొడవుది వేస్తే మూసుకున్న రంధ్రం అడుగున తట్టి, టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) చాలినంత బిగిసిందన్నట్లు టక్కుమంటుంది, పట్టీ మాత్రం వదులుగానే ఉంటుంది.

పాత బోల్టు ఊడదీయడమే సగం పని. ఇంజిన్ కింద జాకీ, దాని మీద చెక్కముక్క పెట్టి, బోల్టులను ఒక్కొక్కటిగానే మార్చాలి. అన్నీ ఒకేసారి తీస్తే ఇంజిన్ జారి రంధ్రాలు ఒకదానికొకటి ఎదురురావు. ఏళ్ల తరబడి కదలని బోల్టుకు తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి, చుట్టూ ఉన్న పోతను కాస్త వేడిచేయండి. స్పానర్‌కు గొట్టం తొడిగి ఏనుగు బలం చూపించేవాడి చేతికి మాత్రం బండి ఇవ్వకండి. రంధ్రంలో మరలు పోతే కొత్త మరలుగా పనిచేసే తీగచుట్ట ఇన్‌సర్ట్ వేయించుకోవచ్చు, తల తెగితే డ్రిల్లింగ్ యంత్రమే గతి.

అన్ని బళ్లకూ సరిపోతుందని అమ్మే క్లాంపు గార్డులంటే నాకు ఒళ్లు మంట. పలుచని గొట్టపు ఛాసిస్‌ను అవి నొక్కి సొట్ట పెడతాయి, మధ్యలో పెట్టిన రబ్బరు నీటిని పట్టి ఉంచి పెయింటు కింద తుప్పు పెంచుతుంది, పడినప్పుడు క్లాంపు గొట్టం వెంట జారి కవర్లను అదే కొడుతుంది. వెల్డింగ్ చేయించడం అంతకన్నా చేటు, అతుకు పక్కన ఛాసిస్ గొట్టం బలహీనపడుతుంది.

బిగించాక ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును పూర్తిగా అణచి, హ్యాండిల్ రెండు వైపులా తిప్పి చూడండి. మడ్‌గార్డ్ గానీ చక్రం గానీ గార్డుకు తగలకూడదు. గార్డు లోపలికి వంగితే బ్రేక్ పెడల్‌కూ దానికీ మధ్య మీ పాదం ఇరుక్కోనంత చోటు మిగలాలి. ఆయిల్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్ తీయడానికి ప్రతిసారీ గార్డు విప్పవలసి వస్తే ఏదో ఒకనాడు విప్పినవాళ్లు తిరిగి బిగించరు. గాలితో చల్లబడే ఇంజిన్ అయితే గార్డుకు సంచులు వేలాడదీసి గాలికి అడ్డం పెట్టకండి. బ్రేక్, క్లచ్ లివర్ల క్లాంపులను పడినప్పుడు హ్యాండిల్ మీద తిరిగేంత పట్టుతోనే ఉంచండి, లివర్ విరగదు. మొదటి కొన్ని ప్రయాణాల తరువాత బోల్టులన్నిటికీ మళ్లీ టార్క్ రెంచి పట్టించండి. బండి ఒకసారి పడి గార్డు వంగితే వేడిచేసి నిటారు చేయించకుండా, బోల్టులతో సహా మార్చేయండి.