రేడియేషన్ గాయాలకు వైద్యం చేయాలంటే రక్తం గురించి చదవాలి

ప్రశ్న: మా అమ్మాయి రాజాంలో సీనియర్ ఇంటర్ బైపీసీ. కొవ్వాడ అణువిద్యుత్ ప్రతిపాదన గురించి చదివినప్పటి నుంచి, రేడియేషన్ బాధితులకు రక్తకణాలు మళ్లీ పెరిగేలా చేసే వైద్యంలోకి వెళ్తానంటోంది. ఏం చదివించాలి?

జవాబు: పేరులో రేడియేషన్ ఉంది కదా అని రేడియాలజీ కోర్సుల్లో చేర్చకండి. ఈ వైద్యమంతా రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ చుట్టూ తిరుగుతుంది.

ఒళ్లంతటికీ ఒక్కసారిగా 2 గ్రేలకు (గ్రే అంటే ఒంట్లోకి చేరిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మించి రేడియేషన్ తగిలితే మజ్జ దెబ్బతింటుంది. ముందు లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పడిపోతాయి, తర్వాత ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు. ప్రాణం తీసేది ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం. అందుకే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, మజ్జలో న్యూట్రోఫిల్స్‌ను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ అనే మందు మొదలుపెడతారు. కిలో బరువుకు రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 500, చర్మం కింద ఇంజెక్షన్. సుమారు మూడు రోజులకోసారి రక్తం పరీక్షిస్తూ, వరుసగా మూడుసార్లు న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 1,000 పైన నిలిచేదాకా ఇస్తారు. మజ్జలో మూలకణాలు కొన్నైనా బతికుంటేనే ఇది పనిచేస్తుంది. విత్తనం లేని మడికి ఎరువేసి లాభమేముంది? ఇంకో సంగతి, వీళ్లకు ఎక్కించే రక్తానికి కూడా ముందు 25 గ్రేల రేడియేషన్ ఇస్తారు. లేకపోతే దాత లింఫోసైట్లు రోగి ఒంటిమీదే దాడి చేస్తాయి.

డాక్టరుగానే చేయాలనుకుంటే ఎంబీబీఎస్, తర్వాత ఎండీ జనరల్ మెడిసిన్ లేదా పీడియాట్రిక్స్, ఆపై డీఎం క్లినికల్ హెమటాలజీ (రక్తవ్యాధుల సూపర్ స్పెషాలిటీ). మొత్తం పదకొండున్నరేళ్లు. ఇంట్లో అందరూ కూర్చుని ఈ లెక్క ముందే వేసుకోండి. రక్తమార్పిడి వైద్యంలో ఎండీ అయితే మూడేళ్లు తగ్గుతుంది.

నీట్‌లో సీటు రాకపోతే దారి మూసుకుపోదు. ఈఏపీసెట్‌తో బీఫార్మసీ, జీప్యాట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మసీ ఫార్మకాలజీ చేయొచ్చు. లేదా బీఎస్సీ, ఎమ్మెస్సీ, సీఎస్‌ఐఆర్ నెట్ అర్హత పరీక్ష, ఆపై ఢిల్లీలో డీఆర్‌డీవో వారి అణువైద్య పరిశోధన సంస్థ ఇన్మాస్ లాంటిచోట పీహెచ్‌డీ. ప్రయోగం కోసం మనుషులకు రేడియేషన్ ఇవ్వలేరు కాబట్టి, 2015లో అమెరికాలో ఫిల్‌గ్రాస్టిమ్‌కు ఈ వాడకానికి అనుమతి కోతులపై జరిగిన పరీక్షలతోనే వచ్చింది. అందువల్ల గరివిడిలో పశువైద్యం చదివినా ఈ పరిశోధనలోకి రావచ్చు.

రేడియేషన్ గాయాలకే పరిమితమైన ఉద్యోగాలు చాలా తక్కువ. ఇవే మందులు కీమోథెరపీ రోగులకు రోజూ వాడతారు కాబట్టి జీతం వచ్చేది క్యాన్సర్ ఆసుపత్రుల్లో, బయోటెక్ కంపెనీల్లో. పైడిభీమవరం ఫ్యాక్టరీలను చూసి అక్కడే పని దొరుకుతుందనుకోకండి. అక్కడ ప్రధానంగా రసాయన మందులు తయారవుతాయి, ఫిల్‌గ్రాస్టిమ్‌ను బ్యాక్టీరియాలో పెంచి తీస్తారు.

సెలవుల్లో దగ్గరి బ్లడ్ బ్యాంకులో అనుమతి అడిగి, రక్తాన్ని భాగాలుగా విడదీయడం, ప్లేట్‌లెట్ సంచులను 22 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచడం అమ్మాయికి చూపించండి. ఆ పని నచ్చిందో లేదో తననే అడగండి.