పాటలో గిటారు తగ్గితే బ్యాండ్ వదిలేయాలా?

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. నలుగురం కలిసి రెండేళ్లుగా రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. నేను లీడ్ గిటారిస్టుని. ఈమధ్య మావాళ్లు ఎలక్ట్రానిక్ స్టయిల్‌కి మారదామంటున్నారు. కొత్త పాటల్లో నాకు పెద్దగా పని ఉండటం లేదు. చదువు ఆపేసి పూర్తిగా సంగీతంలోకి వద్దామనుకుంటున్న టైంలో ఇదో టెన్షన్. బ్యాండ్‌లో ఉండాలా, బయటికి రావాలా?

జవాబు: చదువు సంగతి వేరు, స్టయిల్ సంగతి వేరు. మీరు రెంటినీ కలిపేసి కంగారు పడుతున్నారు. ముందు స్టయిల్ గురించి మాట్లాడుకుందాం.

బ్రిటన్‌లో నలుగురు కలిసి నడిపిన రాక్ బ్యాండ్ క్వీన్ పాటలు మీరు వినే ఉంటారు. 1973లో వచ్చిన తొలి ఆల్బమ్ అట్ట మీద, ఇందులో ఎవరూ సింథసైజర్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే వాయిద్యం) వాయించలేదని ప్రత్యేకంగా వేసుకున్నారు. ఆ వింత శబ్దాలన్నీ తమ గిటారిస్టు బ్రయాన్ మే గిటారులోంచి వచ్చినవేనని వాళ్ల గర్వం. అది ఆయన కుర్రతనంలో తండ్రితో కలిసి ఇంట్లో తయారుచేసుకున్న గిటారు. మెడకి వాడింది పాత ఫైర్‌ప్లేస్ చెక్క! అలాంటి బ్యాండ్ 1980 కల్లా సింథసైజర్ పట్టుకుంది. అదే ఏడాది అమెరికాలో నంబర్ వన్ అయిన ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బేసిస్టు, అంటే బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ రాసిన పాట. బేస్ లైనే మొత్తాన్ని మోస్తుంది. డ్రమ్స్ గట్టిగా మోగకుండా లోపల దుప్పట్లు కుక్కారు. లీడ్ గిటారు కోసం వెతుక్కోవాలి. ఇప్పుడు మీరున్న చోటే అప్పుడు మే ఉన్నారు.

మార్పు ప్రతిసారీ ఫలించలేదు. 1982లో ‘హాట్ స్పేస్’ ఆల్బమ్‌తో డాన్స్ సంగీతం వైపు ఇంకా జరిగేసరికి పాత అభిమానులు చాలామంది మొహం చిట్లించారు. 1984 ఆల్బమ్‌లో గిటారు మళ్లీ ముందుకొచ్చింది. మే మాత్రం బ్యాండ్ వదిలి వెళ్లలేదు.

మీరూ వెంటనే వెళ్లకండి. కొత్త పాటలు రెండు తీసుకుని మీ ట్రాక్ మ్యూట్ చేసి వినండి. ఏ తేడా తెలియకపోతే తప్పు స్టయిల్‌ది కాదు, మీ పార్టుది. సోలో కోసం కాచుక్కూర్చోకుండా, గిటారుని ఒక పొరలా వాడటం, సింథ్‌లో శబ్దాలు తయారుచేయడం నేర్చుకోండి. కొత్త స్టయిల్‌లో ఒక పాట మీరే రాసి రిహార్సల్‌కి పట్టుకెళ్లండి. మూడు నెలలు ఇలా చేశాక కూడా మనసు ఒప్పకపోతే బయటికి రండి. అందులో తప్పేం లేదు.

ఇక చదువు. డీకన్ ఎలక్ట్రానిక్స్‌లో ఫస్ట్ క్లాస్ డిగ్రీ తెచ్చుకున్న మనిషి. చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో చిన్న ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) తయారుచేశారు. మే గిటారు ఒక్కోసారి ఆర్కెస్ట్రాలా వినిపించడానికి ఆ ఆంప్ ఒక కారణం. ఇంజనీరింగ్ మీ సంగీతానికి అడ్డమని ఎవరన్నారు? మే విషయానికొస్తే, ఫిజిక్స్ డిగ్రీ పూర్తిచేసి, అంతరిక్ష ధూళి మీద పీహెచ్‌డీ చేస్తూ 1974లో ఆపేశారు. అప్పటికి రెండు ఆల్బమ్‌లు బయటికొచ్చాయి. ఆ పీహెచ్‌డీ పూర్తయింది 2007లో, ఆయనకి అరవై ఏళ్లప్పుడు. మీకింకా ఒక్క ఏడాదే మిగిలింది. నా మాట విని అది పూర్తిచేయండి. వారానికి రెండు రిహార్సల్స్‌కి చదువు అడ్డురాదు.

మీరు అడగని మాట ఒకటి చెప్తాను. బ్యాండ్‌లో పైకి స్టయిల్ గొడవలా కనిపించేది చాలాసార్లు లోపల డబ్బు గొడవే. పాట రాసినవాళ్లకి రాయల్టీ విడిగా వస్తుంది. 1975లో ‘బొహీమియన్ రాప్సొడీ’ రికార్డు వెనకవైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ పాట ఉంది. జనం కొన్నది ముందువైపు పాట కోసం. అయినా వెనక పాట రాసిన ఆయనకీ సమానంగా డబ్బొచ్చింది. దాని మీద చాలా గొడవ నడిచింది. చివరికి 1989 ఆల్బమ్ నుంచి పాటలన్నీ నలుగురి పేరు మీదే వేశారు.

మీ బేసిస్టు పాటకి మీరు రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్క) కడితే అందులో మీ వాటా ఎంత? బయటికి వెళ్లినవాళ్లకి పాత పాటల మీద హక్కుంటుందా? బ్యాండ్ పేరు ఎవరిది? పాటలో ఎవరి వాటా ఎంతో రాసుకునే కాగితాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. పాటల వాటాలకి అది చాలు, పేరు సంగతి కింద ఇంకో రెండు లైన్లలో రాసుకోండి. ఈసారి రిహార్సల్‌లో నలుగురూ సంతకాలు పెట్టాకే ఆంప్‌లు ఆన్ చేయండి.