కోవిడ్ ఆంక్షలు హద్దు మీరాయా?

కోవిడ్ కాలంలో పౌర హక్కుల మీద పెట్టిన ఆంక్షలు ప్రమాదానికి తగ్గట్టే ఉన్నాయా, హద్దు మీరాయా అన్నది ప్రశ్న. మొదటి కొన్ని వారాలను నేను తప్పు పట్టను. వైరస్ గురించి ఎవరికీ సరిగా తెలియదు, టీకా లేదు, చాలాచోట్ల ఆస్పత్రుల్లో పడకలు చాలలేదు. నా అభ్యంతరమంతా ఆ తర్వాతి కాలం మీదే. ఎన్నాళ్లో చెప్పని ఆంక్ష, మినహాయింపు అడుగుదామంటే వినేవాడే లేని ఆంక్ష, రోగం ఎంత పెద్దదైనా సరే, హద్దు మీరినట్టే.

మా నాన్నగారికి వచ్చింది కోవిడ్ కాదు. తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో చేరారు. ఇంటివాళ్లెవరినీ లోపలికి రానివ్వం అన్నారు. ఆయనకు చెవుడు. అంబులెన్సు హడావిడిలో వినికిడి మిషన్ ఇంట్లోనే ఉండిపోతే, కవర్లో పెట్టి, పైన పేరు రాసి, కొత్త సెల్స్‌తో సహా గేటు దగ్గర ఇచ్చాం. అది వార్డుకైతే చేరింది గానీ ఆయన చెవికి చేరలేదు. అందరికీ మాస్కులు కాబట్టి పెదవులు చూసి పోల్చుకునే దారి కూడా లేదు. పిలిస్తే పలకడం లేదు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నారు, అందుకని మతిస్థిమితం తప్పిందని కేస్ షీట్‌లో రాసేశారు. రోజూ పేపరు ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివే మనిషి ఆయన! డాక్టరుగారు ఫోన్లో ఆ మాట చెబితే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చివరికి నైట్ డ్యూటీ నర్సమ్మ ఒకావిడ నా గోడు విని, కవరు వెతికి, సెల్స్ వేసి మిషన్ చెవికి పెట్టింది. మర్నాడు వీడియో కాల్‌లో నాన్నగారు అన్న మొదటి మాట, "ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడట్లేదురా."

సిబ్బంది షిఫ్టుల వారీగా బయటి నుంచి వచ్చి వెళ్తూనే ఉన్నారు కదా. అదే కిట్టు వేసి, టెస్టు చేసి, ఇంటి నుంచి ఒక్కరిని పావుగంట పంపితే ఏం మునిగిపోయేది? అదే అడిగితే సెక్యూరిటీ అతను ఆఫీసు వాళ్లనడగమన్నాడు, ఆఫీసు వాళ్లు పైనుంచి ఆర్డర్ అన్నారు. ఆ ఆర్డర్ కాపీ మాత్రం ఎవరూ చూపించలేదు.

నేనేదో గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. అంతర్జాతీయ న్యాయ నిపుణులు 1984లోనే సిరకూసా సూత్రాలని రాసిపెట్టారు. హక్కులకు కోత పెట్టాలంటే చట్టం ఉండాలి, అంతకన్నా తక్కువ ఇబ్బందితో పని జరిగే దారి ఉంటే అదే పట్టుకోవాలి, అన్యాయం జరిగిందన్న మనిషికి మొర పెట్టుకునే చోటు ఉండాలి. న్యూజిలాండ్ హైకోర్టు 2020లో ఇదే పద్ధతిలో తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ అవసరమే, సబబే అంటూనే, జనాన్ని ఇళ్లలో ఉండమన్న మొదటి తొమ్మిది రోజులకు చట్టం ఆధారం లేదని తేల్చి చెప్పింది. అంత భయంలోనూ ఒక దేశం ఆ లెక్క అడగగలిగింది.

మాస్కు పెట్టుకోమంటేనే స్వేచ్ఛ పోయిందని రోడ్డెక్కినవాళ్లతోనూ నాకు పేచీయే. మశూచి టీకా వేయించుకోనన్నవాడికి ఐదు డాలర్ల జరిమానా సరైనదేనని అమెరికా సుప్రీంకోర్టు 1905లోనే చెప్పింది. అలాంటి చిన్న ఇబ్బందుల మీద వాళ్లు చేసిన రభసలో మాలాంటివాళ్ల గోడు ఎవరికీ వినపడలేదు.

ఇంకో సంగతి, ట్రాకింగ్ యాప్‌లు. సింగపూర్‌లో ట్రేస్‌టుగెదర్ సమాచారాన్ని రోగులతో కలిసి తిరిగినవాళ్లను గుర్తించడానికే వాడతామని జనానికి మాటిచ్చారు. నేర విచారణలో పోలీసులు కూడా దాన్ని తీసుకోవచ్చని 2021 జనవరిలో పార్లమెంటులోనే ఒప్పుకున్నారు. గొడవయ్యాక, ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం తెచ్చారు. ఆ చట్టమేదో జనం ఫోన్లలోకి యాప్ ఎక్కకముందే రావాల్సింది.