కాక్‌పిట్ గురించి రాస్తున్న అమ్మాయికి

నరసాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. నిదానంగా, పెన్సిల్ పట్టుకుని చదివాను. విమానంలో పైలట్లు కూర్చునే కాక్‌పిట్‌లో బయటివాళ్ల కంట పడని అరలు, పరికరాల గురించి తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు సంతోషం కలిగించింది. రాజమండ్రి దగ్గర మధురపూడిలో విమానం ఎక్కి హైదరాబాద్ వెళ్లి వచ్చేవాళ్లు ఇప్పుడు మన లంక గ్రామాల్లోనూ ఉన్నారు. ఆ ముందు తలుపు అవతల ఏముందో వాళ్లలో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలని మాత్రం అందరికీ ఉంటుంది. వాక్యం కూడా నీకు బాగా పట్టుబడింది.

అయితే గొడ్డలి ఉంది, తాడు ఉంది, బల్ల ఉంది అని వరసపెట్టి చెప్పుకుంటూ పోయావు. ప్రతిదాని చివరా ఒక ఆశ్చర్యార్థకం పెట్టావు. చదివేవాళ్లు ఆశ్చర్యపోతారు, పేజీ తిప్పగానే మర్చిపోతారు. ఆ వస్తువు అక్కడే ఎందుకుంది? ఏ ఆపదలో ఎవరి చెయ్యి దాని మీదికి వెళ్తుంది? అది రాయి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కింద రాసేవన్నీ దీని కోసమే.

ఆక్సిజన్ మాస్క్ తీసుకో. "పైలట్లకు ప్రత్యేకమైన మాస్కులు ఉంటాయి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అసలు సరుకంతా అక్కడే ఉంది అమ్మాయీ. 35,000 అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మనిషి తెలివిగా పని చెయ్యగలిగేది అర నిమిషం నుంచి నిమిషం దాకానే. అందుకని పైలట్ల మాస్క్ ప్రయాణికుల మాస్క్‌లా పైనుంచి జారి వేలాడదు. సీటు పక్కనే ఒక పెట్టెలో మడిచి పెట్టి ఉంటుంది, ఎర్రటి పట్టు ఒకటి బయటికి కనిపిస్తూ. దాన్ని వేళ్లతో నొక్కి లాగితే మూతలు తెరుచుకుని మాస్క్ చేతిలోకి వస్తుంది. తల వెనక్కి వెళ్లే రబ్బరు గొట్టాల్లోకి గాలి ఎక్కి అవి ఉబ్బి వెడల్పవుతాయి. తల మీంచి తగిలించుకుని పట్టు వదిలితే గాలి దిగిపోయి మాస్క్ మొహానికి బిగుసుకుంటుంది. మాట్లాడ్డానికి మైకు కూడా లోపలే ఉంటుంది. ఇదంతా ఒంటి చేత్తో, 5 సెకన్లలో, పెట్టుకున్న కళ్లజోడు చెదరకుండా జరగాలని అమెరికా విమానయాన నిబంధనల్లోనే రాసి ఉంది. ఒంటి చెయ్యి ఎందుకంటే రెండో చేతికి విమానం పని ఉంటుంది. కళ్లజోడు మాట చూడు. ఆ నిబంధన రాసినవాళ్ల కళ్లముందు చత్వారం వచ్చిన ఒక కెప్టెన్ ఉండే ఉంటాడు. ఆ కెప్టెన్ నీ వ్యాసంలో కనపడాలి. ఈ పరికరానికి కనీసం పెద్ద పేరా ఒకటి ఇవ్వు, ఆ 5 సెకన్లనీ విడదీసి చూపించు.

ఇక ఆ బంతులు. విమానాల్లో పనిచేసే మీ మావయ్య చెప్పాడని, ఎయిర్‌బస్ 320లో రెండు ముందు అద్దాల మధ్య స్తంభం మీద మూడు చిన్న బంతులుంటాయని రాసి, "అవి అలంకారానికి కాదు" అని ఊరుకున్నావు. మరి దేనికో చెప్పాలి కదా! రెండు తెల్లవి, ఒకటి ఎర్రది. పైలట్ కూర్చోగానే సీటుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ వాటికేసి చూస్తాడు. తెల్ల బంతి చాటున ఎర్ర బంతి పూర్తిగా దాగిందంటే కన్ను ఉండాల్సిన చోట ఉన్నట్టు. పొడుగు మనిషైనా పొట్టి మనిషైనా కన్ను మాత్రం అక్కడికే రావాలి. మంచులో దిగేటప్పుడు ముందున్న ప్యానెల్ అంచు మీదుగా రన్‌వే దీపాలు కనపడాలి, తల కదపకుండా కింద తెరల మీది అంకెలూ కనపడాలి. సీటు కాస్త దిగువకుంటే దగ్గరి దీపాలు ఆ అంచు కింద దాగిపోతాయి. ధనుర్మాసం తెల్లవారుజామున ఏటిగట్టు మీద బండి నడిపినవాళ్లకి ఎదర నాలుగు బారలు కనపడ్డమే ఎంత గొప్పో తెలుసు. నీ పాఠకులు వాళ్లే. ఆ పేరా ఆ గట్టు మీంచే మొదలుపెట్టు.

గొడ్డలిని వ్యాసం మొదట్లో పెట్టి, "దుండగులని ఎదుర్కోవడానికి" అన్నావు. ఆ మాట తీసెయ్యి. ప్యానెల్ వెనకాల మంట పుట్టి పొగొస్తుంటే ఆ ప్యానెల్ని పగలగొట్టి మంటలార్పే సిలిండర్‌కి దారి చెయ్యడానికే ప్రధానంగా అది అక్కడుంది. పక్కనే పొగకి తట్టుకునే ముసుగు ఎందుకుందో కూడా అప్పుడు తెలుస్తుంది. రెండూ కలిపి ఒకేచోట చెప్పు.

తాడు విషయంలో నీకు మంచి మలుపు దొరికింది, చూసుకోకుండా దాటేశావు. ఎయిర్‌బస్ 320లోనూ బోయింగ్ 737లోనూ పక్క కిటికీలు జరిగి తెరుచుకుంటాయి. పైన చిన్న అరలో తాడో, పట్టీయో చుట్టి ఉంటుంది, ఒక కొస విమానానికే బిగించి. వెనక దారి మూసుకుపోతే పైలట్లు కిటికీలోంచి దాన్ని పట్టుకుని దిగుతారు. బోయింగ్ 787లో కిటికీలు తెరుచుకోవు. దాంతో బయటపడే దారి పైకప్పులోకి వెళ్లింది. అక్కడొక తలుపు, మనిషి బరువుకి మెల్లగా తీగ వదులుతూ కిందికి దించే పరికరాలు వచ్చాయి. ఒక కిటికీ మూతపడితే ఎన్ని మారాయో చూపించు. ఇలాంటిచోట నీ తరఫున ఆశ్చర్యార్థకం అక్కర్లేదు.

చక్రాల లీవర్ గురించి నువ్వు రాయనే లేదు. ల్యాండింగ్ గేర్ లీవర్ చివర చిన్న చక్రం ఆకారంలో పిడి ఉంటుంది, ఫ్లాప్ లీవర్ చివర రెక్క ముక్కలా ఉంటుంది. ఫ్లాప్స్ అంటే రెక్క వెనక అంచున దిగే పలకలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బి-17 లాంటి విమానాలు క్షేమంగా దిగాక నేల మీదే బోర్లా పడుతుండేవి. పైలట్లు ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. పైలట్ల అజాగ్రత్త అన్నారు అప్పట్లో. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి చూస్తే రెండు స్విచ్‌లూ ఒకే తీరుగా, పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి చిన్న రబ్బరు చక్రం, ఇంకోదానికి రెక్కలా అంచు పలచబడే ముక్క తగిలించమన్నాడు. ఆ తర్వాత ఆ ఆకారాలే నిబంధన అయ్యాయి. అలిసిపోయిన మనుషుల మీద పడ్డ నిందని ఒక రబ్బరు ముక్క తుడిచేసింది. నీ వ్యాసానికి గుండె ఇదే అని నా నమ్మకం. దీన్ని చివరికి నెట్టకు, మధ్యలో నిలబెట్టు.

చక్రాల మాట వచ్చింది కాబట్టి, అవి హైడ్రాలిక్ బలంతో, అంటే నూనె ఒత్తిడితో, దిగకపోతే ఏం చేస్తారన్నది కూడా అక్కడే చెప్పు. 320లో రెండు సీట్ల మధ్యనున్న దిమ్మె వెనక కొసన మడతపెట్టిన చిన్న హ్యాండిల్ ఉంటుంది. పైకి తీసి 3 చుట్లు తిప్పితే చక్రాలు తమ బరువుకే కిందికి జారతాయి. 737లో అయితే ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్ పక్కనుండే రెండో పైలట్, సీటు వెనక, నేలలో ఒక మూత. ఎత్తితే 3 పిడులు, ఒక్కో చక్రాల జతకి ఒకటి.

మడిచి లోపలికి తోసే బల్ల బాగుంది, కానీ చిన్న విషయం. రెండు వాక్యాలు చాలు. దాని బదులు కాఫీ కప్పు గురించి రాయి. 2019 చివర్లో ఒకసారి, 2020 మొదట్లో ఒకసారి ఎయిర్‌బస్ 350 కాక్‌పిట్‌లో ఇంజిన్ మీటలుండే మధ్య దిమ్మె మీద పానీయం ఒలికి, గాల్లో ఉండగానే ఒక ఇంజిన్ ఆగింది. రెండుసార్లూ రెండో ఇంజిన్‌తో క్షేమంగా దిగారు. ఆ తర్వాత ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ఆ దిమ్మె చుట్టూ పానీయాలు పెట్టకూడని చోటు ఇదీ అని ఆదేశమిచ్చింది. కప్పు పెట్టుకునే గుంట ఎక్కడుండాలన్నది ఎంత పెద్ద విషయమో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

కాంకార్డ్ టోపీ కథ మాత్రం ఉన్నదున్నట్టు ఉంచు. ధ్వనికి రెండింతల వేగంలో ఒళ్లు వేడెక్కి ఆ విమానం అరడుగుకి పైగా సాగడం, ఫ్లైట్ ఇంజినీర్ ప్యానెల్ పక్కన చెయ్యి పట్టేంత సందు తెరుచుకోవడం, 2003లో చివరి ప్రయాణాల్లో కొందరు ఇంజినీర్లు తమ టోపీలు అందులో పెడితే చల్లారాక సందు మూసుకుని అవి అక్కడే ఉండిపోవడం. ఇందులో ఒక్క మాట కలపక్కర్లేదు, తియ్యక్కర్లేదు.

ఒకటి వదిలెయ్యాలి. కాక్‌పిట్ తలుపు తాళం ఎలా పనిచేస్తుందో, లోపలివాళ్లు ఎలా ఆపగలరో నువ్వు వివరంగా రాశావు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఆ తలుపుని తూటాకి తట్టుకునేలా గట్టిపరిచారని చెప్పి ఆగిపో. నీకు తెలిసిందంతా అచ్చులో పెట్టాల్సిన పని లేదు. మావయ్య ఉద్యోగం కూడా గుర్తుంచుకో.

మన జిల్లాల వాళ్లకి ఈ విషయాలు పట్టవని భయపడకు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగాక ప్రతి ఇంట్లోనూ లైఫ్ జాకెట్ల గురించే మాట్లాడుకున్నారు. వస్తువు ఉండటం వేరు, ఆ క్షణాన ఒంటి మీదో చేతికందే దూరంలోనో ఉండటం వేరు అని గోదావరి ఒడ్డున ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇక్కడి పాఠకులు నీ వ్యాసాన్ని ఇంకెవరికన్నా బాగా అందుకుంటారు.

ఈ వారం వీలు చూసుకుని ఇటు రా. మా రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాకా సరంగు పక్కన నిలబడు. ప్రశ్నలు వెయ్యకు, ఆయన చేతులే చూడు. మోకు ఎక్కడుంది, గెడ ఎక్కడుంది, ఏది చూసి తీస్తున్నాడు, ఏది చూడకుండా తీస్తున్నాడు, రాసుకో. శంషాబాద్ వెళ్లినప్పుడు మీ మావయ్యని కూడా అదే కంటితో అడుగు. "మాకు తెలియనిదేముంది" అని అడిగితే ఆయన నాలుగు వింతలు చెప్పి ఊరుకుంటాడు. "పొగలో కళ్లు కనపడకపోతే మీ చెయ్యి ముందు ఎటు వెళ్తుంది" అని అడుగు, సాయంత్రం దాకా చెప్తాడు. ఆయన చెప్పిందాన్ని ప్రమాదాల విచారణ నివేదికలతో సరిచూసుకో. చాలా దేశాల సంస్థలు వాటిని ఉచితంగా అందరికీ అందుబాటులో పెడతాయి. వాటి భాష పొడిగా ఉంటుంది, ఓపిక పట్టి చదువు.

రెండో ప్రతిని సంక్రాంతి లోపు పంపు, పండక్కి పిల్లలు వచ్చేలోగా చూసి పెడతాను. మాస్క్ పేరాని విడి కాగితం మీద రాసి పంపినా సరే, ముందు అదే చదవాలని ఉంది. 737 నేలలో ఉన్న ఆ మూడు పిడుల గురించి మావయ్య దగ్గర ఇంకో సంగతి తెలుసుకో: ఒక్కోటి ఎంత బలంగా లాగాలి, లాగితే తీగ ఎంత పొడుగు బయటికొస్తుంది, వంగి లాగేటప్పుడు ఒళ్లు ఎటు తిప్పాలి. ఆయన ఎలా చెప్తే అలాగే రాసి పట్టుకురా.

ఉంటాను.

మీ మాస్టారు