లంకమలకు పోయే ముందు పెన్సిలు చెక్కుకో

అనంతపురం

అమ్మీ,

యోగి వేమన యూనివర్సిటీలో బాటనీ రీసెర్చికి నీకు సీటు వచ్చిందని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. శానా సంతోషం. నేనేం ప్రొఫెసర్ని కాదు, 30 ఏండ్లు ల్యాబ్ అసిస్టెంటుగా గాజుసామాను కడిగి రిటైరైనోణ్ణి. చదువు సంగతి మీ గైడు చూసుకుంటారు. నేను చెప్పేవి చేతిపనులు.

మొదట చీటీ మాట. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఒక పిల్లోడు రెండేండ్లు కొండలెక్కి తెచ్చిన మొగ్గల్ని ఆల్కహాల్ సీసాల్లో పెట్టి, పెన్నుతో రాసిన చీటీలు లోపలేసినాడు. ఆర్నెల్లకు చూస్తే సీసాలో నీలి నీళ్లు, తెల్ల కాగితం. ఏ మొగ్గ ఏ కొండదో చెప్పేదానికి లేకపోయె. ఆ సీసాలన్నీ సింకులో వంచింది నేనే. వాడు తలుపుకాడ నిలబడి చూస్తా ఉన్నాడు. ఇంకు ఆల్కహాల్లో కరుగుతుంది, పెన్సిలు గీత కరగదు. అంతే తేడా.

చెట్టుకాడ రాయాల్సింది చెట్టుకాడే రాయి, హాస్టలుకొచ్చి రాస్తాననుకోవద్దు. పువ్వు ప్రెస్సులో (కొమ్మల్ని కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టే చెక్క చట్రం) ఎండితే రంగు పోతుంది, వాసన పోతుంది. మాను ఎంతెత్తు, బెరడు గీస్తే పాలొచ్చెనా, ఎర్రమన్నా రాతినేలా, ఇవేవీ ఎండిన కొమ్మను అంటించే 42 సెంటీమీటర్ల హెర్బేరియం షీటు మీద కనపడవు. ‘కడప జిల్లా’ అని రాసి ఊరుకుంటే అది అడ్రసు కాదు. ఏ వంక పక్కన, ఏ ఊరికి ఎంత దూరమో రాయి. పువ్వో కాయో లేని కొమ్మ తేవద్దు, దాన్ని గుర్తుపట్టలేక మీ గైడే విసుక్కుంటారు.

పల్లెల్లో ఆ చెట్టును ఏమంటారో అడిగి అదీ రాసుకో. కలివికోడి అనే పిట్ట సంగతి తెలుసు గదా? జెర్డాన్ అనే దొర వల్ల 1848లో అది శాస్త్రానికి తెలిసింది. 1900 తర్వాత శాస్త్రం చదివినోళ్లెవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి మనోళ్లకు అది కలివికోడే. ఆ తర్వాత దాన్ని వెతకనీకి పొదల మధ్య మెత్తటి మన్ను పరిచి, పొద్దున పోయి కాళ్ల గుర్తులు చూసేవాళ్లు. లంకమల కొండలకు పోతే ఆ పొదల్ని రొంత నిలబడి చూడు.

అయితే అది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తుంచొద్దు. పైగా ఎర్రచందనం ఉండే అడవి. బ్యాగులో కత్తి, కత్తెర పెట్టుకుని ఆ దారిన పోయేవాళ్లను ఎవరైనా అనుమానంగానే చూస్తారు. ఒకసారి మమ్మల్ని చెక్‌పోస్టులో రెండు గంటలు కూర్చోబెట్టినారు, అనుమతి కాగితం కాలేజీ బీరువాలో ఉండె మరి. తప్పు మాదే. కాగితం ఒకటి జీపులో, ఒకటి నీ సంచిలో పెట్టుకో.

ల్యాబులో మన పక్క మొదటి శత్రువు బోరు నీళ్లు. ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవులో ఆ ఉప్పునీళ్లు పోస్తే కాయిల్ మీద సున్నం గట్టిగా పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరే పొయ్యి. 121 డిగ్రీలు, 15 పౌన్ల ప్రెషరు వచ్చి పని అయిపోయినాక కూడా ముల్లు సున్నాకు దిగేదాకా మూత మీద చెయ్యి వెయ్యొద్దు. తొందరపడి తీసినోడి చెయ్యి బొబ్బలెక్కడం చూసినా. లామినార్ ఫ్లోలో (వడకట్టిన గాలి వీచే పెట్టె) చెయ్యి పెట్టే ముందు యూవీ లైటు ఆర్పినావో లేదో చూసుకో. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు ఊరికే తెరిచి చూడొద్దు, చలి ఉండేదంతా బయటికే పోతుంది.

అక్కడి అటెండర్ని ‘అన్నా’ అని పిలువు. ఏ మైక్రోస్కోపు మంచిదో, ఏ ఓవెన్ అబద్ధం చెప్తుందో ఆయనకే తెలిసి ఉంటుంది.

నా పాత చెక్క ప్రెస్ ఆర్టీసీ పార్సిల్లో వేసినా. పట్టీలు కొత్తవి వేయించినా గానీ ఎడంపక్క బకిలు రొంత జారుతుంది, రెండు చుట్లు తిప్పి కట్టుకో. న్యూస్‌పేపర్లు మొదటి మూడు దినాలు రోజూ మార్చు.

మీ పెద్దనాయన