మీ ప్రశ్నలు – మా జవాబులు: చిన్న వయసులోనే వెళ్లిపోయిన హీరోయిన్లు

ప్ర: మా ఊరి పేరు పెట్టుకున్న ‘బొబ్బిలి రాజా’తోనే కదండీ దివ్యభారతి మనకి తెలిసింది. ఆమెను ఎవరో తోసేశారని ఫోన్లో రోజుకో వీడియో వస్తోంది. నిజమేనా?
– ఓ అభిమాని, బొబ్బిలి

జ: నాకూ వస్తున్నాయి బాబూ, మా బావగారు రాత్రి పదకొండింటికి మరీ ఫార్వర్డ్ చేస్తారు. తెలిసినదేమిటంటే, 1993 ఏప్రిల్ 5 రాత్రి ముంబయి వెర్సోవాలో ఐదో అంతస్తు ఫ్లాట్ కిటికీలోంచి పడిపోయింది, అప్పటికి 19 ఏళ్లు. పోలీసులు విచారించి 1998లో ప్రమాదమేనని ఫైలు మూసేశారు. నేను చూసిన వీడియోల్లో భయపెట్టే మ్యూజిక్ తప్ప కొత్త సాక్ష్యం ఒక్కటీ లేదు. అన్నట్టు ‘తొలి ముద్దు’ పూర్తికాకుండానే పోయింది కాబట్టి మిగిలిన సీన్లు రంభతో చేయించారు. ఈసారి టీవీలో వస్తే ఏ సీన్లో ఎవరున్నారో కనిపెట్టి చూడండి, ఇద్దరికీ పోలికలు బాగా కలుస్తాయి.

ప్ర: చిన్న వయసులో పోయిన హీరోయిన్ల వెనక ఏదో మిస్టరీ ఉంటుందని మా ఫ్రెండ్స్ అంటారు. మీరేమంటారు?
– డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి

జ: అందరి విషయంలోనూ ఉండదమ్మా. మన ఇళ్లలో మనుషుల్ని పట్టుకుపోయిన జబ్బులే వాళ్లనీ పట్టుకుపోయాయి. మధుబాలకి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. 1954లో మద్రాసులో షూటింగ్ జరుగుతుండగా రక్తం కక్కుకుంటే అప్పుడు బయటపడింది, గుండె కోసి బాగుచేసే వైద్యం అప్పటికింకా నడక కూడా నేర్వలేదు. ఆ గుండెతోనే ‘మొఘల్-ఎ-ఆజమ్’ చేసింది, సంకెళ్లు మోస్తూ! 1969 ఫిబ్రవరిలో, 36వ పుట్టినరోజు దాటిన తొమ్మిదో రోజున పోయింది. షమ్మీ కపూర్ భార్య గీతాబాలిది ఇంకా అన్యాయం. మన వైపు ముసలమ్మలు పేరెత్తకుండా ‘అమ్మోరు’ అని దండం పెట్టుకునే మశూచి, కపూర్ల ఇంటి కోడలినీ వదల్లేదు. అది 1965 జనవరి. ఇంకో పదేళ్లకి, 1975లో, దేశంలో మశూచే లేకుండా పోయింది. మనకి ‘అనుగ్రహం’లో కనిపించిన స్మితా పాటిల్ 1986 నవంబరు 28న కొడుకుని కని, కాన్పు తర్వాతి ఇబ్బందులతో డిసెంబరు 13న కన్నుమూసింది, వయసు 31. మీ నాయనమ్మనో అమ్మమ్మనో అడుగు, బాలింత రోగంతో పోయినవాళ్ల పేర్లు నాలుగైనా చెబుతుంది, వాళ్ల మీద ఎవరూ వీడియో చెయ్యలేదు అంతే.

ఆత్మహత్య చేసుకున్నవాళ్లూ ఉన్నారు, కాదనను. ఎవరు ఎలా చేసుకున్నారన్నది మాత్రం ఎన్ని ఉత్తరాలొచ్చినా ఈ పేజీలో రాయను.

ప్ర: సౌందర్య ఆఖరి సినిమా ఏది? మా ఇంట్లో పెద్ద గొడవైపోతోంది.
– గృహిణి, నరసన్నపేట

జ: గొడవ ఆపండి, ఇద్దరూ గెలిచినట్టే. తెలుగులో చివరిది ‘శివశంకర్’, 2004లోనే వచ్చింది. కన్నడ ‘ఆప్తమిత్ర’ మాత్రం ఆమె పోయాక విడుదలైంది, ‘చంద్రముఖి’లో జ్యోతికని చూసి జడుసుకున్నామే, ఆ పాత్ర అక్కడ ఈవిడే చేసింది. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరితే బెంగళూరు జక్కూరులో చిన్న విమానం లేస్తూనే కూలిపోయింది, అన్నయ్య అమర్‌నాథ్ కూడా అందులోనే ఉన్నాడు. ‘అమ్మోరు’ ఆడిన రోజుల్లో మా విజయనగరంలో హాల్లోనే ఆడవాళ్లకి పూనకాలొచ్చేవి, మా పెద్దమ్మ అయితే చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికెళ్లింది, బయటికొచ్చేసరికి చెప్పులు లేవనుకోండి. సౌందర్య నటి మాత్రమే కాదు, సొంతంగా తీసిన కన్నడ ‘ద్వీప’కి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. బాలకృష్ణ మొదలుపెట్టి ఆగిపోయిన ‘నర్తనశాల’లో ద్రౌపది కూడా ఆమే, తీసినంత మేర 2020లో బయటికి వదిలారు. ‘ద్వీప’ దొరికితే ముందు అది చూడండి, కన్నడం రాకపోయినా కథ అర్థమవుతుంది.