కెజరేటర్ కొనే ముందు ఏ కెగ్ పెడతారో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర కొత్తింట్లోకి మారారు, డ్రాఫ్ట్ బీర్ కోసం కెజరేటర్ (లోపల కెగ్, అంటే స్టీలు బీర్ పీపా, పెట్టి పైనున్న ట్యాప్‌తో బీర్ పట్టుకునే ఫ్రిజ్) కొందామని రెండు మోడళ్లు చూశారు. ఒకదాంట్లో బీర్‌ని పైకి నెట్టే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ లోపలే ఉంటుంది, రెండోదానికి వెనకాల బయట తగిలిస్తారు. రెండింటి మీదా ‘ఫుల్ సైజ్’ అనే రాసుంది. ఏది తీసుకోవాలి, హాఫ్ బ్యారెల్, అంటే పెద్ద కెగ్, పడుతుందా, గరాజ్‌లో పెట్టొచ్చా?

నేనూ టెక్సస్‌లోనే ఉంటాను, మా ఇంట్లో కెజరేటర్ కొన్నేళ్లుగా నడుస్తోంది, ఫ్రెండ్స్ కొంటే బిగించడానికి కూడా నన్నే పిలుస్తారు. వాళ్లకి చెప్పేదే మీకూ చెబుతున్నాను, ఫ్రిజ్ మోడల్ ఇప్పుడే చూడకండి. మీ ఇంట్లో బీర్ ఎంత ఖర్చవుతుందో చూసుకుంటే ఏ కెగ్ కావాలో తెలుస్తుంది, కెగ్ తెలిస్తే ఫ్రిజ్ దానంతటదే తేలిపోతుంది.

హాఫ్ బ్యారెల్ పేరుకే హాఫ్. 15.5 గ్యాలన్లు, అంటే 58 లీటర్ల పైమాట, 12 ఔన్సుల గ్లాసులైతే 165 వస్తాయి. ఇక్కడ కెగ్‌లో వచ్చే క్రాఫ్ట్ బీర్ చాలావరకు పాశ్చరైజ్ చేసింది కాదు, అందుకని కెగ్ ఎప్పుడూ చల్లగా ఉండాలి, ట్యాప్ చేశాక, అంటే కెగ్ తెరిచాక, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అయిపోవాలి, ఆ తర్వాత పాడవదు గానీ రుచి చప్పబడిపోతుంది. ఎనిమిది వారాలే అనుకున్నా రోజుకి మూడు గ్లాసుల లెక్క, శెలవు లేకుండా! పార్టీలున్నాయిగా అంటారేమో, మన పార్టీల సంగతి తెలియంది కాదు, పదిమంది వస్తే సగం మంది విస్కీ బ్యాచ్, ఇద్దరు డ్రైవింగ్ అని కోక్ పట్టుకుంటారు, శనివారం అని ఒకాయన అసలు ముట్టుకోడు, పార్టీలేమో అన్నీ శనివారమే.

పైగా నిండు హాఫ్ బ్యారెల్ 160 పౌండ్ల దాకా తూగుతుంది, అంటే 72 కిలోలు. దాన్ని కారు డిక్కీలోంచి దింపి, ఫ్రిజ్ గుమ్మం మీదుగా ఎత్తి లోపల పెట్టాలి, ఒక్కరివల్ల అయ్యే పని కాదు, నడుం పట్టేస్తుంది.

నా ఓటు సిక్స్‌టెల్‌కే, అంటే బ్యారెల్‌లో ఆరో వంతు. 5.16 గ్యాలన్లు, 55 గ్లాసులు, నిండుగా ఉన్నా 58 పౌండ్ల దగ్గరే ఉంటుంది, ఇండియా వెళ్లేటప్పుడు మనం మోసే సూట్‌కేస్ కంటే కాస్త ఎక్కువ, అంతే. చిన్న బ్రూవరీలు కొత్త రకాలు ఎక్కువగా ఈ సైజులోనే ఇస్తాయి. గ్లాసుకి లెక్కేస్తే హాఫ్ బ్యారెల్ చవకే, ఒప్పుకుంటాను, కానీ సగం బీర్ సింక్‌లో పొయ్యాల్సి వస్తే ఆ చవక ఎవరికి కావాలి? మధ్యలో క్వార్టర్ బ్యారెల్ ఉంది, 7.75 గ్యాలన్లు, అది పొట్టిగా లావుగా ఒక రకం, పొడుగ్గా సన్నగా ఒక రకం వస్తుంది. ఇంట్లో ఇద్దరూ తాగేవాళ్లయితే ఆ సన్నది బాగుంటుంది.

ఇక కొలతలు, గొడవంతా వచ్చేది ఇక్కడే. హాఫ్ బ్యారెల్ అడ్డం 16 అంగుళాల పైన ఉంటుంది, రబ్బరు అంచులున్నవి 17 దాకా పోతాయి. ఎత్తు 23 అంగుళాల చిల్లర. సిక్స్‌టెల్ ఎత్తు కూడా అంతే, అడ్డం మాత్రం తొమ్మిదింపావు. పొడుగు క్వార్టర్ పదకొండు అంగుళాల పైన. ఈ ఎత్తు మీద కప్లర్ (కెగ్ మూతికి బిగించేది, గ్యాస్ పైపూ బీర్ పైపూ దానికే తగిలిస్తారు) తగిలించి, పైపు వంపు తిరగడానికి ఇంకో నాలుగైదు అంగుళాలు వదలాలి. కంపెనీవాళ్లు ‘ఫుల్ సైజ్’ అన్నప్పుడు ఒక్కోసారి పొట్టి కప్లర్ వేస్తేనే పడుతుందని కింద చిన్నక్షరాల్లో రాస్తారు, అది చదవండి. రబ్బరు అంచుల కెగ్ పట్టదని కూడా అక్కడే రాసుంటుంది.

షోరూమ్‌కి వెళ్లేటప్పుడు టేపు ఒక్కటే సరిపోదు. అమెజాన్ డబ్బా అట్ట ఒకటి తీసుకుని 17 అంగుళాల చక్రం కత్తిరించి పట్టుకెళ్లండి. ఫ్రిజ్ తలుపు తీసి అడుగున పరిచి చూడండి. చాలావాటికి వెనకాల కంప్రెసర్ కోసం గట్టులా ఎత్తు ఉంటుంది, తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ అరలు ముందుకు పొడుచుకొస్తాయి, టేపుతో కొలిచినప్పుడు అవి లెక్కలోకి రావు, అట్ట మాత్రం అక్కడే మడత పడుతుంది. సేల్స్ అబ్బాయి మనల్ని అదోలా చూస్తాడు, చూడనివ్వండి. సిక్స్‌టెల్ కోసమైతే తొమ్మిదిన్నర అంగుళాల చక్రాలు రెండు కత్తిరించి పక్కపక్కన పెట్టి చూడాలి, రెండు రకాల బీర్లు ఒకేసారి పెట్టుకోవాలంటే లోపల వెడల్పు కనీసం 19 అంగుళాలన్నా ఉండాలి, లేదా ఒకటి ముందూ ఒకటి వెనకా ఐమూలగా సర్దాలి.

కప్లర్ సంగతి చాలామంది మర్చిపోతారు. అమెరికన్ బీర్లలో దాదాపు అన్నిటికీ డీ రకం పనికొస్తుంది, కెజరేటర్‌తో వచ్చేదీ అదే. హైనెకెన్, స్టెల్లా తాగాలంటే ఎస్ రకం కావాలి, చూడ్డానికి డీ లాగే ఉంటుంది గానీ మధ్యలో పుల్ల కాస్త పొడుగు. గిన్నిస్‌కి యూ రకం, దానికి మామూలు గ్యాస్ కూడా సరిపోదు, నైట్రోజన్ కలిపిన సిలిండరూ, వేరే ట్యాపూ పెట్టుకోవాలి, మొదటిసారే ఆ జోలికి పోకండి. మీ బీర్ ఏదో ఖాయం చేసుకుని, దానికి ఏ కప్లర్ కావాలో కెగ్ అమ్మేవాళ్లనే అడగండి. కెగ్ మనది కాదు, డిపాజిట్ కట్టి తెచ్చుకోవడమే, ఖాళీది ఇచ్చేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.

గరాజ్ వద్దు. ఇది నా ఫ్రెండ్‌తో చాలాసార్లు వాదించిన విషయం. ఈ ఫ్రిజ్‌లు ఎక్కువగా ఏసీ ఉన్న గదుల కోసం చేసినవి. మన దగ్గర ఆగస్టులో బయటే 100 ఫారన్‌హీట్ దాటుతుంది, మూసిన గరాజ్ సంగతి చెప్పక్కర్లేదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, అయినా బీర్ 38 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగదు. బీర్ వెచ్చబడితే గ్లాసంతా నురగే. లోపల 38 డిగ్రీలు, గ్యాస్ ఒత్తిడి 12 పీఎస్ఐ దగ్గర పెట్టి, తెచ్చిన కెగ్‌ని ఒక రోజు కదపకుండా వదిలేస్తే సగం టెన్షన్ పోతుంది. అయినా మొదటి గ్లాసు నురగొస్తోందంటే ట్యాప్ ఉన్న స్తంభం వెచ్చగా ఉందని అర్థం, లోపలి చల్లగాలిని పైకి తోసే చిన్న ఫ్యాన్ అమ్ముతారు, అది పెట్టండి. దానికీ లొంగకపోతే ఫ్రిజ్‌తో వచ్చే ఐదడుగుల బీర్ పైపు తీసేసి అదే లావుది ఎనిమిది, పది అడుగులది వెయ్యండి. రెండు వారాలకోసారి పైపు కడగాలి, తప్పదు, బద్ధకిస్తే పుల్లవాసన మొదలవుతుంది.

గ్యాస్ సిలిండర్ ఐదు పౌండ్లది చాలు, సిక్స్‌టెల్ తాగేవాళ్లకి ఏడాది పైనే వస్తుంది. కొత్తగా మెరిసేది కొనకండి, చాలా షాపుల్లో నింపి ఇవ్వరు, మన ఖాళీది తీసుకుని ఇంకెవరి సొట్టలు పడ్డదో ఇస్తారు. బిగించిన ప్రతి జాయింట్ మీదా సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగ లేస్తే లీకు ఉన్నట్టే. ఇది డబ్బు పోవడం ఒక్కటే కాదు, మూసిన చిన్న గదిలో సిలిండర్ మొత్తం లీకైతే ప్రాణానికే ప్రమాదం, అందుకని కాస్త గాలాడే గదిలోనే పెట్టుకోండి.

ఇంట్లో పిల్లలుంటే ట్యాప్‌కి తాళం కొనండి, కొన్ని డాలర్లే. ఊరినుంచి అత్తగారూ మామగారూ వచ్చే ఇళ్లల్లో ఆ పొడుగాటి ట్యాప్ పిడి తీసేసి అల్మారాలో పెడతారు, ‘అది నీళ్ల ఫ్రిజ్’ అని చెప్పేవాళ్లూ నాకు తెలుసు.

మీరు చూసిన రెండింట్లో నేనైతే సిలిండర్ బయట ఉండేదే తీసుకుంటాను. సిలిండర్ లోపల ఉంటే ఐదంగుళాల పైన జాగా దానికే పోతుంది, రెండో సిక్స్‌టెల్ పట్టేది సరిగ్గా ఆ మూలలోనే. కాకపోతే గోడకి ఆనించలేరు, వెనకాల అర అడుగు వదలాలి. కిచెన్ కౌంటర్ కిందకి దూర్చే ఆలోచన ఉంటే మాత్రం ఇది పనికిరాదు, వేడిగాలి ముందు నుంచి వదిలే బిల్టిన్ రకం వేరే చూసుకోవాలి, అవి ఖరీదెక్కువ. ఒక ట్యాప్ ఉన్నదానికీ రెండు ట్యాప్‌లదానికీ తేడా వంద, రెండొందల డాలర్లలో ఉంటే రెండు ట్యాప్‌లదే తీసుకోండి, తర్వాత రెండోది విడిగా పెట్టించుకోవడానికి స్తంభం, రెగ్యులేటర్, కప్లర్ అన్నీ మళ్లీ కొనాలి.